రెండో చెవి

శేషగిరి గొంతు మంచిది. ఆ సంగతి అందరికంటే ఆయనకే బాగా తెలుసు. అమెరికాలో ఆయన ఉండే బాతెల్ ఊళ్లో ఏ తెలుగువారింట గృహప్రవేశం జరిగినా మైకు ఆయన చేతికే వచ్చేది. రాకపోతే ఆయనే వెళ్లి తెచ్చుకునేవాడు. వారమంతా ఆఫీసు మీటింగులతో సరిపెట్టుకునే ఆ గొంతుకు నాలుగేళ్ల కిందట ఓ మంచి పని దొరికింది. లెక్కల దగ్గర్నుంచి చరిత్ర దాకా, ఆర్థికశాస్త్రం దగ్గర్నుంచి ఖగోళం దాకా అన్ని సబ్జెక్టులకూ వీడియో పాఠాలు చేసి, ఎవరైనా చూసుకోండి, ఏ భాషలోకైనా మార్చుకోండి అని అమెరికాలో ఎవరో పుణ్యాత్ములు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. శేషగిరి కొందరు మిత్రులను పోగేసి, ఆ పాఠాలకు తెలుగు గొంతులు తగిలించి, 'అందరి బడి' అనే చానల్ మొదలుపెట్టాడు. తలా ఒక సబ్జెక్టు పంచుకున్నారు. ఫిజిక్స్ మాత్రం శేషగిరి ఎవరికీ ఇవ్వలేదు.

చానల్‌కు ఒక నియమం పెట్టుకున్నారు. ఒకరు రికార్డు చేసిన పాఠాన్ని ఇంకొకరు మొదటి నుంచి చివరి దాకా విని, బాగుందని టిక్ పెడితేనే అప్‌లోడ్ చెయ్యాలి. అలా వినే మనిషిని 'రెండో చెవి' అనేవారు. శేషగిరి పాఠాలకు రెండో చెవి దేదీప్య. జనగామ నుంచి ఎం.ఎస్. చదవడానికి వచ్చిన పిల్ల. ఎయిర్‌పోర్టు నుంచి ఆమెను తీసుకొచ్చింది శేషగిరి. గది దొరికేదాకా తన ఇంట్లో పెట్టుకుని, దొరికాక కూడా శనివారం శనివారం భోజనానికి పిలుస్తూ వచ్చింది ఆయన భార్య నాగమల్లేశ్వరి.

డిసెంబరులో కటకాల పాఠం రికార్డు చేశాడు శేషగిరి. కటకమంటే లెన్సు. అమెరికా పాఠంలో వస్తువు దూరానికీ ప్రతిబింబ దూరానికీ వేరే గుర్తులున్నాయి. మన పిల్లలు తికమక పడతారని, పెద్దమనసు చేసుకుని, వాటి బదులు మన పుస్తకాల్లో ఉండే యు, వి అక్షరాలు పెట్టాడు. సూత్రంలో ప్లస్ గుర్తును మాత్రం ఉన్నదున్నట్టు వదిలేశాడు.

ఆ సాయంత్రమే దేదీప్య ఫోన్ చేసింది.

"అంకుల్, చిన్న డౌట్. మన ఇంటర్ బుక్‌ల ఈ ఫార్ములాకి మైనస్ ఉంటది కదా. మీరు ప్లస్ చెప్పిన్రు."

"ఒరిజినల్‌లో ప్లస్సే ఉందమ్మా."

"ఉంది గానీ, వాళ్లు దూరాలు కొలిచే పద్ధతి వేరేమో అంకుల్. ఒక్కసారి మన బుక్ చూస్తే…"

"ఆ లెసన్స్ చేసినవాళ్లు మామూలు వాళ్లు కాదు దేదీప్యా. మనం ట్రాన్స్‌లేట్ చేసేవాళ్లం. వాళ్లని కరెక్ట్ చేసేంత వాళ్లమా? టిక్ పెట్టెయ్."

ఆమె టిక్ పెట్టింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని వాదించేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. శేషగిరి వాదించను కూడా లేదు, టిక్ పెట్టెయ్ అన్నాడు, అంతే. ఉచితంగా చేసే మంచిపనిలో తప్పు వెతకడం మర్యాద కాదని ఆయన నమ్మకం.

మార్చిలో మన దేశంలో ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్స్ పరీక్ష జరిగింది. మర్నాడు పొద్దున్న శేషగిరి కాఫీ తాగుతూ చానల్ తెరిచేసరికి కటకాల పాఠం కింద కామెంట్లు వరసకట్టి ఉన్నాయి. 'సార్, మీరు చెప్పినట్టే చేశాను, పన్నెండు వచ్చింది. అరవై రావాలట.' 'సార్, నాకూ పన్నెండే.' 'సార్, మా కాలేజీలో అందరికీ పన్నెండే.' ఒక్కరూ తిట్టలేదు. అందరూ సార్ అనే రాశారు.

శేషగిరి ఇంటర్ పుస్తకం నెట్‌లో వెతికి తెరిచాడు. రెండు నిమిషాల్లో అంతా అర్థమైంది. అమెరికా లెక్కలో వస్తువు దూరం ప్లస్సే, సూత్రంలోనూ ప్లస్సే. మన లెక్కలో ఆ దూరం మైనస్, సూత్రంలోనూ మైనస్. ఎక్కడిదక్కడ రెండూ ఒప్పే. ఆయన వాళ్ల సూత్రానికి మన అక్షరాలు తొడిగాడు. పిల్లలు తమ పుస్తకంలో నేర్చుకున్న మైనస్ దూరాన్ని ఆయన చెప్పిన ప్లస్ సూత్రంలో వేశారు. ఇంకేముంది, అరవై కాస్తా పన్నెండయి కూర్చుంది. కాఫీ చల్లారిపోయింది. దేదీప్య ఫోన్‌లో అన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది.

ఆదివారం నాడు గ్రూపు వాళ్లంతా వీడియో కాల్‌లో కూడారు. అప్‌లోడ్ పనులు చూసేది కోటేశ్వరరావు. ఆయన బయోటెక్ కంపెనీలో టెస్టింగ్ మేనేజర్; మాట కటువు, పని కచ్చితం. ఈ వేసవికి తన టీమ్‌లో ఒక ఇంటర్న్‌షిప్ ఉందని, దానికి దేదీప్యను రిఫర్ చేస్తానని ఆయన అంతకుముందే మాటిచ్చాడు. ఉద్యోగాలు ఊడుతున్న ఈ రోజుల్లో వీసా మీదున్న పిల్లకు అది చిన్న సంగతి కాదు.

"ఈ లెసన్‌కి రెండో చెవి ఎవరు?" అన్నాడు కోటేశ్వరరావు. తనే స్క్రీన్ మీద చూసి, "దేదీప్యా, టిక్ నీదే. వినే పెట్టావా?" అన్నాడు.

కాల్‌లో అందరి మొహాలూ చిన్న చిన్న గడుల్లో కనబడుతున్నాయి. శేషగిరి మ్యూట్‌లో ఉన్నాడు. ఆ మ్యూట్ తీసి ఒక్క వాక్యం అంటే చాలు. 'ఆ అమ్మాయి చెప్పింది, నేనే వినలేదు.' ఇంత మంచి గొంతు పెట్టుకుని ఆ ముక్క అనడానికి నోరు రాలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"సారీ అంకుల్. నా మిస్టేకే. మిస్సయిన," అంది దేదీప్య.

అప్పుడు మ్యూట్ తీశాడు శేషగిరి. తీసి ఏమన్నాడో తర్వాత తలుచుకున్నప్పుడల్లా ఆయనకు తన మొహం తనే చూసుకోబుద్ధి కాలేదు. "పోనీలెండి కోటేశ్వరరావు గారూ, చిన్నపిల్ల. అయిందేదో అయింది," అన్నాడు. తన తప్పుకు ఆ పిల్లను క్షమించాడు!

పాత వీడియో తీసేసి, మైనస్‌తో కొత్తది పెట్టాడు. క్షమించమని ఎక్కడా రాయలేదు. పాతదానితో పాటే పిల్లల కామెంట్లూ పోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు గానీ, ఇక్కడ కాలింది ఎవరి చేతులో, ఆకులు పట్టుకున్నది ఎవరో.

ఆ శనివారం దేదీప్య భోజనానికి రాలేదు. ప్రాజెక్టు ఉందంది. ఆ తర్వాతి శనివారమూ అదే మాట అంది. నాగమల్లేశ్వరి గోంగూర పప్పు వడ్డిస్తూ, "ఆ పిల్లకి ఇష్టమని చేశాను. ఏంటండీ, మన మీద ఏమన్నా కోపమా?" అని అడిగింది. శేషగిరి మజ్జిగ పొయ్యమన్నాడు. ఎవరు దేదీప్య పేరెత్తినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాడు. ఆఫీసులో ఎవరో 'ఎవరు రివ్యూ చేశారు?' అని అడిగితే ఉలిక్కిపడ్డాడు. సిగ్గుగా ఉంది, తన మీద తనకే అసహ్యంగా ఉంది. దానికన్నా ముందు భయంగా ఉంది. ఇప్పుడు చెబితే, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారు.

చివరికి ఆ శనివారమే పప్పు డబ్బాలో పెట్టించుకుని, తనే కారు తీశాడు. దేదీప్య ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి కాలేజీ దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. రూమ్మేట్లు బయటికి వెళ్లారు. సాయంత్రం వాన పడుతోంది. ఆమె తలుపు తీసి, ఆశ్చర్యపోయి, కుర్చీ మీది బట్టలు తీసి కూర్చోమంది.

"ఆంటీ పంపించింది," అని డబ్బా ఇచ్చాడు. ఆ తర్వాత ఒక్క ఊపిరిలో అనేశాడు. "ఆ రోజు కాల్‌లో నేను నోరు విప్పలేదు. తప్పు నాదే. నువ్వు ముందే చెప్పావు. కోటేశ్వరరావుకి ఇప్పుడే, నీ ముందే చెప్తాను."

"వద్దు అంకుల్, ఇప్పుడెందుకు…"

ఆమె అంటుండగానే ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. ఉన్నదంతా చెప్పాడు.

"ఇదేదో ఆ రోజే చెప్పాలిగదయ్యా!" అన్నాడు అవతల కోటేశ్వరరావు. "ఒక్క లెసన్ సరిగ్గా చెక్ చెయ్యని అమ్మాయిని టెస్టింగ్ టీమ్‌కి ఎట్లా రిఫర్ చేస్తానని ఆగిపోయాను. నిన్న వేరే కాండిడేట్‌కి ఆఫర్ ఇచ్చేశారు. ఇప్పుడు నేను చెయ్యగలిగింది లేదు. ఆ అమ్మాయికి ఏం చెప్పుకుంటావో చెప్పుకో."

ఫోన్ పెట్టేశాక శేషగిరి తల ఎత్తలేకపోయాడు. వానకాలం వరదలా ఏడుపు ముంచుకొచ్చింది, పిల్ల ముందు బాగుండదని దిగమింగాడు.

"నన్ను కాపాడటానికి సారీ చెప్పావు. నేను నీకు ఇది చేశాను," అన్నాడు.

దేదీప్య కిటికీ వైపు తిరిగింది. "మిమ్మల్ని కాపాడనీకి కాదంకుల్," అంది. "మా తమ్ముడు తేజేశ్వర్ లేడా, వాడు కూడా ఈసారే ఇంటర్ సెకండియర్ రాసిండు. వాళ్ల గవర్నమెంట్ కాలేజీల ఫిజిక్స్ లెక్చరర్ లేడు. మీ వీడియోలే చూస్తడు. వాడు డిసెంబర్‌లనే అడిగిండు. అక్కా, బుక్‌ల మైనస్ ఉంది, సార్ ప్లస్ అంటుండు, ఏది రాయాలె అని. మీరు టిక్ పెట్టుమన్నంక నేనే చెప్పిన వానికి. సార్‌ని అడిగిన, సార్ చెప్పిందే రైట్, బుక్ పక్కన పెట్టు అని చెప్పిన. నాకు డౌట్ ఉండి కూడా చెప్పిన. నా మిస్టేక్ అన్నది అందుకే. మీకోసం అనలే."

ఇన్నాళ్లూ ఆ పిల్ల తనకోసం త్యాగం చేసిందనుకుని కుమిలిపోయాడు శేషగిరి. ఆ కుమిలిపోవడంలో కూడా తనే పెద్దమనిషి! ఆమె లెక్కలో ఆయన లేనేలేడు. ఆమె తన తమ్ముడికి జవాబు చెప్పుకోలేక చచ్చిపోతోంది.

"తమ్ముడికి ఫోన్ చెయ్యి," అన్నాడు. "నేను మాట్లాడతాను."

అక్కడ ఆదివారం తెల్లవారుతోంది. రెండుసార్లు మోగాక నిద్రగొంతుతో తేజేశ్వర్ ఎత్తాడు. శేషగిరి "బాబూ" అన్నాడో లేదో, వాడి నిద్ర ఎగిరిపోయింది.

"సార్! వీడియో సారేనా! గొంతు వినంగనే గుర్తువట్టిన సార్! అమ్మా, మన ఫిజిక్స్ సార్ ఫోన్ చేసిండే!"

"తేజేశ్వర్, ఆ కటకాల లెక్క గురించి…"

"అవును సార్, నాకు పన్నెండు వచ్చింది. నేనే ఎక్కడనో తప్పు చేసిన సార్. మీరు అంత మంచిగ చెప్పినా నాకు చేయరాలే."

దేదీప్య మొహం తిప్పుకుంది.

"కాదు నాన్నా," అన్నాడు. "నువ్వు తప్పు చెయ్యలేదు. నేను చెప్పినట్టే చేశావు. నేనే తప్పు చెప్పాను. మీ పుస్తకంలో ఉన్నదే కరెక్ట్. మీ అక్క నాకు ముందే చెప్పింది, నేను వినలేదు. మీ అక్క తప్పేం లేదు."

అవతల ఎక్కడో కోడి కూసింది. ఆ కుర్రాడు కోప్పడితే బాగుండునని శేషగిరి ఎంతగానో కోరుకున్నాడు. కోపం రాలేదు. వాడు నెమ్మదిగా, మర్యాదగా అడిగాడు.

"మరి మిగిలిన పాఠాలు సార్? కరెంటు, అయస్కాంతం, అన్నీ మీ దగ్గర్నే నేర్చుకున్న. అవి కరెక్టేనా సార్?"

ఆ పాఠాల్లో వేటినీ ఆయన మన పుస్తకంతో సరిచూడలేదు.

"తెలియదు నాన్నా," అన్నాడు శేషగిరి.