లాభం, రెండు, మూడు

కోయంబుత్తూరు ధాన్యపు పేటలో పొద్దున తొలి కొలత సౌందరరాజ నాయుడిది. ఆయన ఇంటి పడి, ఇత్తడి పట్టీ వేసిన ఆ కొలపాత్ర, గింజల్లో మునిగి లేచేదాకా పేటలో ఎవరూ మూట విప్పరు. తాతలనాటి ఆచారం అది. తొలి పడిని "ఒకటి" అనకూడదు, "లాభం" అనాలి. ఏడో పడిని "ఏడు" అంటే ఏడుపును పిలిచినట్టే కాబట్టి "ఆరున్నొకటి" అనాలి. ముప్పయ్యేళ్ళుగా ఆయన నాలుక ఈ వరస తప్పలేదు.

ధాత సంవత్సరంలో మొదలైన కరువు ఈశ్వర సంవత్సరం ఆడి, అంటే ఆషాఢ మాసం వచ్చినా తెగలేదు. నల్లరేగడి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. గింజ ఉన్నచోటికి జనం నడిచి వచ్చి పేట వాకిట్లో కూలబడసాగారు. వర్తకులు కూడి వాకిలికి తుమ్మముళ్ళ కంచె కట్టించారు. కట్టాలన్న మాట నాయుడిదే. ఆయన లెక్క సూటిది. లోపల రెండు వందల గడపలున్నాయి. వాంతిభేది ఒక్క గడప తొక్కిందంటే కొనేవాళ్ళు రారు. వాళ్ళు రాకపోతే మూడు నెలల్లో లోపలివాళ్ళే బయటివాళ్ళవుతారు. నాలుగు మైళ్ళ అవతల సర్కారువారి గంజితొట్టి ఉండనే ఉంది. కాళ్ళున్నవాళ్ళు అక్కడికి పోవచ్చు.

"కాళ్ళు లేనోళ్ళు?" అంది భార్య నాచ్చియార్, అన్నం వడ్డిస్తూ.

"ఊరందరినీ మనమే మోస్తామా? తాను దూర కంత లేదు, మెడకో డోలు."

"కంత ఉండాది. మీరే ముల్లు పెట్టి మూసినారు."

ఆ పూట ఆయన మారు వడ్డించుకోలేదు. అయినా కంచె కంచెలాగే ఉంది.

మర్నాడు సాయంత్రం ఆయన వాకిలి దగ్గరికి పోతే కావలి ఇరుళప్పన్‌తో ఒక ఆడమనిషి వాదులాడుతోంది. పేరు వీరమ్మాళ్. పొల్లాచ్చి పక్క నుంచి ముసలితల్లిని వీపున మోసుకొచ్చింది. ఆ తమిళసీమలో ఆమె నోట తమ ఇంటి భాష తెలుగు వినబడేసరికి నాయుడు ఆగాడు.

"మేమూ మీ మాట మాట్లాడేవాళ్ళమే సామీ. మా అమ్మ నడవలేదు. ఒక్క పొద్దు లోపల పండబెట్టనియ్యండి. ఒక పడి కంజి పోస్తే లేస్తుంది."

నాయుడి చెయ్యి కంచెమీదికి పోయి ఆగింది. భాష చూసి ఒకరికి తెరిస్తే, ఆకలి చూసి ఇంకొకరికి తెరవాలి. అప్పుడిక కంచె ఎందుకు?

"రేపు చూద్దాంలే" అన్నాడు.

వర్తకుడి నోట రేపు అంటే లేదనే. అది ఆమెకు తెలియదు.

తెల్లవారి ఊరి లెక్కలు చూసే మణియకారుడు వచ్చాడు. వాకిలి ముందు పోయినవాళ్ళ లెక్క తాలూకా కచేరీకి పంపాలట. "మీ లెక్కకు తిరుగుండదు నాయుడూ, ఒక్కసారి వచ్చి చెప్పండి" అన్నాడు. ఇరుళప్పన్ కంచెను కొంచెం పక్కకు లాగాడు.

బయట శవాలకు తాటాకు చాపలు కప్పి వరసగా పడుకోబెట్టారు. నాయుడి మనసు ఆ రోజు రావలసిన కంబు, అంటే సజ్జల బండ్ల మీద ఉంది. వేలు చాచాడు.

"లాభం. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు. ఆరున్నొకటి."

మణియకారుడు ఏడని రాసుకున్నాడు. మొదటి చాప పక్కన కూర్చున్న వీరమ్మాళ్ తల ఎత్తింది.

"ఏమన్నావు సామీ?"

నాయుడికి అప్పుడుగాని తన మాట తన చెవిన పడలేదు.

"మా అమ్మ నీకు లాభమా?"

"అది కొలత మాటమ్మా. వాడుక..."

"కొలిచేది కంబును. బతికుండగా ఒక పడి కంజికి తెరవలేదే, ఇప్పుడు లెక్కకని తెరిచినావా? ఆ కడాన ఉండే ఆమెను ఏమన్నావు? ఆరున్నొకటా? ఏడు అనేదానికి నోరు రాలేదా? ఏడుపంతా మాకు విడిచిపెట్టి, లాభం నువ్వు ఎత్తుకున్నావు."

మణియకారుడు కలం ఆపాడు. ఇరుళప్పన్ నేల చూశాడు. నాయుడు మొదటి చాప దగ్గరికి నడిచి వచ్చాడు. మళ్ళీ వేలు చాచాడు. "ఒకటి" అన్నాడు. కొత్తగా మాటలు నేర్చినవాడిలా నాలుక తడబడింది. చివరి చాప దగ్గర "ఏడు" అన్నాడు.

పేటలో వర్తకులు మూటల ముందు కాచుకుని ఉన్నారు. నాచ్చియార్ తమ్ముడు మారిముత్తు, పేటలో ఆయన తర్వాత పెద్ద వర్తకుడు, ఎదురొచ్చాడు.

"బావా, పొద్దెక్కింది. పడి ఎత్తండి."

"ఈ రోజు కొలత లేదు. కంచె తీసేదాకా పడి నా ఇంట్లోనే ఉంటుంది."

"ముల్లు కట్టించింది మీరే కదా! తెల్లారేసరికి దేవుడు కనబడినాడా ఏమి?"

"దేవుడు కాదురా. నా నోరు నాకు వినబడింది."

"వాంతిభేది లోపలికి వస్తే?"

"రావచ్చు."

"ఎంత మెల్లగా చెప్తా ఉండారు చూడు! చచ్చేది ఎవరంట?"

"మనలోనే ఎవరో. బయట ఇప్పటికే చస్తా ఉండారు కదా, ఆ లెక్క నేను ఇన్నాళ్ళు కట్టలేదు."

వాళ్ళు తిట్టారు, బతిమాలారు. ఒకాయన ముసలితనం నెత్తికెక్కిందన్నాడు. కాని తొలి కొలత పడని రోజు గింజ అమ్మే ధైర్యం ఎవరికీ లేదు. మధ్యాహ్నానికి రెండు బండ్లు సరుకు ఎత్తకుండానే వేరే సంతకు తిరిగిపోయాయి. అప్పుడు మారిముత్తే కత్తి తెచ్చి కంచె తాళ్ళు కోశాడు. కోస్తూ బావ ముఖం చూడలేదు.

నాయుడి పత్తి కొట్టు ఖాళీ చేసి అండాలు ఎక్కించారు. వచ్చినవాళ్ళకు వేరే బావి చూపించారు. ఆ ఇత్తడి పట్టీ పడితోనే ఆయన గంజి పోశాడు. పోసి పోసి వాకిలి దాకా వెళ్ళి వీరమ్మాళ్‌ను పిలిచాడు.

"లోపలికి రామ్మా."

"నిన్న పిలిచి ఉండాల్సింది."

ఆయన పడి నిండా గంజి తెచ్చాడు. పడి ఆమె ముందు పెట్టి వచ్చాడు. ఆమె దాన్ని పక్కన ఉన్న చూపులేని ముసలాయన నోటికి అందించింది.

తొమ్మిదో రోజు భేది పేటలోకి వచ్చింది. మొదట పట్టుకున్నది మారిముత్తు ఇంట్లో, వాళ్ళమ్మను. నాచ్చియార్‌కూ అమ్మే. సాయంత్రానికి పోయింది.

దహనం ముగించి వచ్చిన మారిముత్తు తల తుడుచుకోకుండానే కొట్టు ముందు నిలబడ్డాడు. వెనక పదిమంది వర్తకులు. చేతుల్లో కొత్తగా కొట్టిన తుమ్మకొమ్మలు.

"బావను అడగను. అక్కా, నువ్వు చెప్పు. పోయింది మన అమ్మ. తెరిచేదా, మూసేదా?"

నాచ్చియార్ అండా పక్కన కూర్చుని ఉంది. చేతిలో గరిటె ఆపి తుమ్మకొమ్మల వైపు చూసింది. నాయుడు ఆమె వైపు చూడలేకపోయాడు. మూయమంటే మూస్తాడు, ఆమె మాట కాదనే హక్కు ఆ రోజు తనకు లేదని ఆయనకు తెలుసు.

"ఆ పొద్దు కంచె బయట ఏడుమంది పోయినారు" అంది చివరికి. "లోపల అమ్మ. ఎనిమిది అని చెప్పు మారిముత్తూ. మన అమ్మకు వేరే లెక్క ఎత్తొద్దు."

మారిముత్తు అక్కడే కూలబడి పెద్దగా ఏడ్చాడు. కొమ్మలు తెచ్చినవాళ్ళు కాసేపు నిలబడ్డారు. కొందరు కొమ్మలు అక్కడే పడేసి పోయారు, కొందరు చంకన పెట్టుకునే పోయారు. వాళ్ళు రేపు మళ్ళీ వస్తారని నాయుడికి తెలుసు.

వాకిలి నుంచి వీరమ్మాళ్ వచ్చింది. ఎవరితోనూ మాట్లాడలేదు. నాచ్చియార్ చేతిలోని గరిటె తీసుకుని అడుగంటుతున్న గంజిని కలపసాగింది. బయట వరస పెరుగుతోంది. నాయుడు పడి కడిగి ముంచాడు.

"ఒకటి" అన్నాడు.