తీసి ఉంచిన తలుపు

తామరదుంప కోస్తున్నాను, పంది ఎముకల సూపులోకి. ఆ సూపు మూడు గంటలు సన్నసెగ మీద ఉడకాలి. నేను ఈ ఇంట్లో ఇరవై ఆరేళ్ళుగా ఉడుకుతున్నాను కాబట్టి మా ఇద్దరికీ తొందర లేదు. అప్పుడే మా ఆయన చీహాంగ్ వంటగది గుమ్మంలో నిలబడి, "మనం ఎక్కడికీ వెళ్ళిపోవడం లేదు సౌకింగ్. ఒక తలుపు తీసి ఉంచుకుంటాం, అంతే," అన్నాడు.

ఆయనది లిఫ్టులు బాగుచేయించే కంపెనీ. నార్త్ పాయింట్‌లో సగం పాత భవనాలు ఆయన తాళ్ళ మీదే వేలాడుతున్నాయి. లిఫ్టు ఆగితే మెట్లు, మెట్ల మీద పొగ కమ్మితే డాబా. ఆయన బుర్ర ఎప్పుడూ ఇలాగే తిరుగుతుంది. ఇప్పుడేమో హాంకాంగే ఆగిపోతే ఏమిటన్న ఆలోచన పట్టుకుంది. టీ తాగే స్నేహితుల్లో నలుగురు అప్పటికే తలో ద్వీపం చూసుకున్నారు. పెట్టుబడి పెడితే పౌరసత్వం ఇచ్చే ద్వీపాలు. అక్కడ కాపురం ఉండక్కర్లేదు, పాస్‌పోర్టు పాసిపోకుండా బీరువాలో పెట్టుకుంటే చాలు.

పటం మీద భూతద్దం పెట్టి మా ద్వీపాన్ని కూడా వెతికాడు. ద్వీపమైతే దొరికింది. అక్కడ దీపం పెట్టేదెవరని మాత్రం ఎవరూ అడగలేదు. జవాబు వంటగదిలో తామరదుంప కోస్తోంది మరి.

"అక్కడ బొప్పాయిలు దొరుకుతాయా?" అని మా అత్తగారు ఆరా తీసింది. "అమ్మాయి చేసేవాటిలో బొప్పాయి వేసిన చేపల సూపొక్కటే నోట పెట్టేలా ఉంటుంది."

పెట్టుబడి అన్న మాటలో 'పెట్టు' ఆయనది, 'బడి' నాది. ఆయన పెట్టు అంటాడు, నేను బడిపిల్లలా కూర్చుని రాస్తాను. నాలుగు నెలల్లో నలుగురి కాగితాలు కూడబెట్టాను. అత్తగారు పుట్టిన ఊళ్ళో ఆవిడ పుట్టినట్టు దాఖలా లేదు. పుట్టిందని ప్రమాణపత్రం రాయించాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి ఎవరికైనా అనుమానం ఉంటే నన్నడగాల్సింది. అబ్బాయి డిగ్రీ నకళ్ళు, ఆయన కంపెనీ లెక్కల తర్జుమాలు, అందరి ఛాతీ ఎక్స్‌రేలు, చెవులు కనబడే ఫోటోలు. ఆయన ఫోటోలో చెవులు బాగా వచ్చాయి. అవి పనిచేస్తాయని ఫోటో చూసినవాళ్ళు నమ్మాల్సిందే.

ఆ తిరుగుళ్ళలోనే ఒకరోజు, నేరచరిత్ర లేదన్న పత్రం కోసం వాన్‌చాయ్ పోలీసు ఆఫీసుకు వెళ్ళాను. వేలిముద్రలు తీసే అమ్మాయి నా చెయ్యి పట్టుకుని అద్దం మీద ఒత్తింది. పడలేదు. తుడిచి మళ్ళీ ఒత్తింది. ఊహూఁ.

"పాత్రలు ఎక్కువ తోముతారా ఆంటీ?" అంది నెమ్మదిగా. "గీతలు అరిగిపోయాయి. మీ వయసు ఆడవాళ్ళు రోజూ ఇద్దరు ముగ్గురు వస్తారు ఇలాగే. వారం రోజులు గిన్నెలు ముట్టుకోకుండా, చేతులకి క్రీము రాసుకుని మళ్ళీ రండి."

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను. "వారమా?" అన్నాడు చీహాంగ్. "చేతి తొడుగులు వేసుకుని తోము." అదేమంత జటిలమైన సమస్య కాదన్నట్టు టీవీ వైపు తిరిగాడు. నేను వేళ్ళను దీపం కిందకు తెచ్చి చూసుకున్నాను. నిజమే, నున్నగా ఉన్నాయి. ఈ ఇంట్లో ప్రతి గిన్నె మీదా నా ముద్ర ఉంది, నా వేళ్ళ మీదే లేదు. నేనెవరో రుజువు చెయ్యడానికి పనికొచ్చే గీతలన్నీ కాలవలో కలిసిపోయాయి. నవ్వొచ్చింది. నాకు ఏడుపు కూడా నవ్వులాగే వస్తుంది, అది నా జబ్బు.

ఇక డబ్బు. అది చున్‌వాన్ ఇల్లు అమ్మితే వస్తుంది. పదిహేనేళ్ళ క్రితం కొన్న ఒంటిగది ఇల్లు, అప్పటినుంచీ అద్దెకిచ్చాం. కొన్నప్పుడు నా ఒక్కదాని పేరునే రాయించాడు. ప్రేమతో కాదు. మా వాళ్ళంతా చేసే పనే అది. మొదటి ఇల్లు పెళ్ళాం పేరున పెడితే, తర్వాత తన పేరున కొనేటప్పుడు అదే అతని మొదటి ఇల్లవుతుంది, పన్ను తగ్గుతుంది. "నీ పేరున ఉంటే ఏం, నా పేరున ఉంటే ఏం?" అన్నాడు అప్పట్లో. ఆ తర్వాతది కొననేలేదు. కాగితం నా పేరున అలాగే ఉండిపోయింది.

ఏజెంటు ఆఫీసులో మిస్ టోంగ్ అనే అమ్మాయి మాకు వేడినీళ్ళు ఇచ్చి, ఫైలు తిరగేసి, చల్లగా చెప్పింది. "డబ్బు ఎవరిదో వాళ్ళే ప్రధాన దరఖాస్తుదారు. ఇల్లు మేడమ్ పేరున ఉంది కాబట్టి మేడమ్ ప్రధానం. సార్, మీరూ మీ అమ్మగారూ అబ్బాయీ ఆవిడ మీద ఆధారపడినవారి కింద వస్తారు."

చీహాంగ్ నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది, మధ్య అంతస్తులో లిఫ్టు ఆగినట్టు.

"అలా బాగోదమ్మా. నేను ఆవిడ మీద ఆధారపడ్డానని రాస్తే వినేవాళ్ళు ఏమనుకుంటారు?"

ఏటా పన్ను కాగితంలో నన్ను 'భర్త మీద ఆధారపడిన భార్య' అని రాసేది ఈయనే. ఆ కాగితం టైపు చేసేది నేనే. ఆయన కంపెనీ కొటేషన్లు కూడా నేనే, జీతం లేకుండా. ఏమనుకుంటారోనని అప్పుడెవరూ కంగారు పడలేదు.

"అయితే మేడమ్ ఇల్లు మీకు బహుమతిగా రాసివ్వాలి. ఒక్క సంతకం," అంది మిస్ టోంగ్.

"రాసిచ్చాక," అన్నాను నేను, "ఎప్పుడైనా ఈయన నన్ను వద్దనుకుంటే, ఆ పౌరసత్వం నాకుంటుందా?"

"ఏమిటా ప్రశ్న?" అన్నాడు చీహాంగ్.

మిస్ టోంగ్ ఆయన వైపు చూడలేదు. "ఆధారపడినవారికి అది అడగాల్సిన విషయం మేడమ్. ప్రధాన దరఖాస్తుదారు ఎవర్నీ అడగక్కర్లేదు."

బహుమతి పత్రం ఇంటికి తెచ్చాం. రేపు పొద్దున్నకల్లా సంతకం కావాలి. ఇదిగో, తామరదుంప పక్కనే పెట్టి వెళ్ళాడు, తడవకుండా ప్లాస్టిక్ కవర్లో. కత్తి ఆపి కవరు వైపు చూస్తుంటే నాలుగేళ్ళ కిందటి ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. చున్‌వాన్‌లో పాతవాళ్ళు ఖాళీ చేశారు, కొత్తవాళ్ళు రావాలి. శుభ్రం చెయ్యడానికి వెళ్ళాను. పన్నెండింటికల్లా పని అయిపోయింది. కింద బేకరీలో వెన్న పెట్టిన పైనాపిల్ బన్ను కొనుక్కుని, ఉత్తి నేల మీద కూర్చుని తిన్నాను. రెండు భవనాల సందులోంచి సముద్రం అరచేయంత కనబడింది. ఫోను మోగలేదు. ఉప్పు తక్కువైందని ఎవరూ అనలేదు. రెండు గంటలు అలాగే కూర్చున్నాను. ఇంటికొచ్చాక, ఆలస్యమెందుకైందని అడిగితే, ట్యాపు కారుతోందని అబద్ధం చెప్పాను. ఆ రెండు గంటల్లో నేను ఎవరికీ ఏమీ కాను. అది నిజం. ఆ నిజాన్ని ఎందుకు దాచానో నాకు ఈ పూటే అర్థమైంది.

పటంలో వెతికాం గానీ, ఎవర్నీ అడగక్కర్లేకుండా ఉండే చోటు పదిహేనేళ్ళుగా నా పేరునే ఉంది. మెట్రోలో వెళ్ళొచ్చు.

అరగంటగా ఎముకలు ఉడుకుతున్న కుండలో దుంపముక్కలు వేశాను. చేతులు తుడుచుకుని, కవరు తీసుకెళ్ళి హాల్లో ఆయన ముందు పెట్టాను.

"పెట్టావా సంతకం?"

"లేదు. పెట్టను. ఇల్లు అమ్మను. ఫారాలన్నీ నింపే ఉన్నాయి. మీ పేరున ఉన్నది ఏదైనా అమ్మి, మీరు ప్రధానంగా కట్టుకోండి. నా పేరు కొట్టేస్తే ఒక ఎక్స్‌రే మిగులుతుంది, అంతేగా."

అత్తగారు టీవీ గొంతు తగ్గించింది. ఆవిడ ఆ పని చెయ్యగా నేను చూడ్డం అదే మొదటిసారి.

"నాలుగు నెలలు తిరిగి తిరిగి, ఇప్పుడా?" అన్నాడు చీహాంగ్.

"తిరిగింది నేనేగా. ఇంకోటి చెప్పాలి. చున్‌వాన్‌లో అద్దెకున్న టీచరమ్మ మార్చిలో ఖాళీ చేస్తోంది. ఆ తర్వాత ఎవరికీ ఇవ్వను. తాళం నా దగ్గర ఉంటుంది."

ఆయన నా వైపు పూర్తిగా తిరిగాడు. కోపం లేదు. మొదటిసారి వింటున్నవాడి మొహం. ఫోటోలో ఆ చెవులు నిజంగానే బాగా వచ్చాయి.

"అంటే, వెళ్ళిపోతావా?"

సూపు వాసన హాల్లోకి వస్తోంది. ఇంకా రెండున్నర గంటలు ఉడకాలి.

"నేను ఎక్కడికీ వెళ్ళిపోవడం లేదండీ," అన్నాను. "ఒక తలుపు తీసి ఉంచుకుంటాను, అంతే."