అతుకు మాత్రం విరగలేదు

మా ఆయన థ్యాన్‌ఫాలో ఏ లోపమూ లేదు. ఇరవై ఆరేళ్లుగా ఈ మాట ఆయనే చెబుతున్నాడు కాబట్టి నమ్మక తప్పదు. చేప గంజిలో ఉప్పెక్కువైతే చేప తప్పు. స్కూటరు జారితే వాన తప్పు. ఇక వెల్డింగ్ సంగతి సరేసరి. తైనాన్‌లో మా సందు చివరి షెడ్డులో ఆయన వేసిన అతుకు విరిగిన దాఖలా లేదట.

సందులో సగంమందికి పియానో నేర్పిన ఖూ టీచరు గేటు వచ్చేదాకా నేనూ అలాగే అనుకున్నాను. మా ఆయన తాతగారు ఆన్‌పింగ్ రేవులో పాత ఓడ లంగరు గొలుసు కొని, కొలిమిలో సాగగొట్టి చేసిన గేటు అది. దానిమీద మెలికలు తిరిగిన తీగ ఒకటి విరిగితే, ఈయన పది నిమిషాల్లో అతికించాడు. వారం తిరక్కుండా అతుకు పక్కనే విరిగింది.

"చూశారా టీచరుగారూ, నా అతుకు చెక్కుచెదరలేదు. విరిగింది ఇనుము!"

"అతుకు నేనేం చేసుకోను నాయనా? నాకు గేటు కావాలి."

మళ్లీ అతికించాడు. ఈసారి అతుక్కి ఇవతల విరిగింది.

"అతుకు మాత్రం..." అని మొదలుపెట్టాడు.

"శనివారందాకా చూస్తాను. అప్పటికీ కుదరకపోతే మా అబ్బాయి స్టీలు గేటు పెట్టిస్తాడట. ఇది పాత ఇనుప సామాన్ల బండికే."

మా ఆయన గేటును మళ్లీ షెడ్డుకు మోసుకొచ్చాడు. తాతగారు చేసినవాటిలో ఇంకా మిగిలినది ఆ గేటొక్కటే.

శుక్రవారం పొద్దున్న మా అత్తగారు సోయాపాలు తాగుతూ షెడ్డులోకి వచ్చింది. చేతిలో నూనెలో వేయించిన పొడుగాటి పిండికర్ర. గేటు విరిగినచోట ముక్కు ఆనించినంత దగ్గరగా చూసి, పిండికర్రను లాగింది. అది నిలువునా రెండుగా చీలింది.

"ఒరేయ్, మీ తాత ఇనుమూ ఇంతే. పోగులు పోగులుగా ఉంటుంది. చూడు, చెరుకు పిప్పిలా లేదూ? నువ్వు పై తొక్కకి అతుకేశావు. లోపల పోగులు దేనికదే."

"అమ్మా, నేను ముప్పై ఏళ్లుగా..."

"అంతకుముందు ముప్పై ఏళ్లు మీ నాన్న పక్కన సమ్మెట కొట్టింది నేను. కొలిమి వెలిగించు."

ముందు కొలిమి కనబడాలిగా! హెల్మెట్లు, రంగు డబ్బాలు, నేను పారేశానని పోయిన వానాకాలమంతా ఆయన నన్ను సాధించిన నల్ల గొడుగు, అన్నీ దానిమీదే ఉన్నాయి. గొడుగును బల్లమీద అందరికీ కనబడేట్టు పెట్టానంతే.

చీలిన ముక్క కోసేస్తే అదే రకం ఇనుము మళ్లీ అంతా కావాలి. అత్తగారు వంటింట్లోకెళ్లి ఊరగాయ జాడీమీద బరువుగా పెట్టిన కడియం పట్టుకొచ్చింది. ఆ లంగరు గొలుసులో మిగిలిన ఆఖరి కడియం! దాన్ని సాగగొట్టి ముక్క తీశారు. కలవాల్సిన కొసలను నాలుకల్లా ఏటవాలుగా చదును చేసి, పైనున్న మలినం కరిగిపోయేందుకు సన్న ఇసుక చల్లి, కొలిమిలో పెట్టారు. నేను గాలి చక్రం తిప్పాను. ఇనుము తెల్లగా మారి చిటపటా రవ్వలు రాల్చింది.

"ఊఁ, ఇప్పుడు!"

అత్తగారు చిన్న సుత్తితో చోటు చూపిస్తుంటే మా ఆయన సమ్మెట దించాడు.

"అక్కడ కాదురా, ఇక్కడ! మీ నాన్న చూపించిన చోటు నేనొక్కసారైనా తప్పానా?"

శనివారం గేటు దాని చోట నిలబడింది. ఖూ టీచరు అటూ ఇటూ చూసి, చెప్పులు విప్పి, ఎనభై ఏళ్ల వయసులో కింది కమ్మీమీద రెండు కాళ్లూ పెట్టి ఊగింది. మా ఆయన కళ్లు మూసుకున్నాడు. గేటు కిర్రుమంది, అంతే.

"చిన్నప్పుడు రోజూ ఊగేదాన్ని," అంటూ దిగింది. "స్టీలు గేటు వద్దని మావాడికి చెప్పేస్తాను."

అత్తగారు కొడుకువైపు తిరిగింది. "ఏరా?"

ఆయన వెల్డింగ్ ముసుగు మొహమ్మీదికి దించుకుని లోపల ఏదో గొణిగాడు.

"వినబడలేదు. ముసుగెత్తి చెప్పు."

ఎత్తాడు. మొహం కొలిమిలోంచి తీసినట్టుంది.

"తప్పు నాదే," అన్నాడు, సందంతా వినబడేలా. తరవాత నావైపు చూసి గొంతు తగ్గించాడు. "గొడుగు సంగతిలో కూడా."