ముహ్రా చేతులు

ముహ్రా నోరు తెరుస్తుంది గాని చెయ్యి తెరవదు. రెండు పిడికిళ్లూ చంకల్లో దోపుకొని కూర్చుంటుంది. అమ్మమ్మ మస్తూరా పిండిముద్దకు తేనె, నెయ్యి అద్ది నోట్లో పెడితే మింగుతుంది. పడబోతే మోచేతుల మీద పడుతుంది తప్ప అరచెయ్యి నేలకు ఆనించదు. ఇంకా మూడో ఏడు నిండని పిల్ల.

పోయిన వానల్లో లోయ దాటుతుంటే వాగు వచ్చింది. అక్కడ చినుకు లేదు, పైకొండల్లో కురిసిన నీళ్లవి. కారు ఒరిగిపోయింది. తండ్రి ముస్ఫిర్ బండరాయి మీదికి ఎక్కి పిల్ల మణికట్టు పట్టుకున్నాడు. పిల్ల రెండో చెయ్యి తల్లి ఫిద్దా చేతిలో ఉంది. ఇద్దరి బరువుకీ ముస్ఫిర్ కాళ్లు జారుతుంటే చూసి, ఫిద్దా పిల్ల చెయ్యి వదిలేసింది. అప్పటినుంచి ముహ్రా ఎవరికీ చెయ్యి ఇవ్వలేదు. ముస్ఫిర్ కూడా అడగలేదు.

అతను అభా పట్నంలో బడి బస్సు నడుపుతాడు. గురువారం సాయంత్రం కొండెక్కి వస్తాడు. కూతురికి ఎదురుగా కూర్చోడు, కాస్త పక్కకు కూర్చుంటాడు. కిందటిసారి కాఫీ గిన్నె కింద పెడుతూ అన్నాడు:

"అత్తా, పండగ కాగానే దీన్ని జెద్దాకు మా అక్క దగ్గరికి పంపిద్దాం. ఇక్కడుంటే ఆ వాగు చప్పుడు వినపడుతూనే ఉంటది."

"చప్పుడు దానికా, నీకా?" అంది మస్తూరా.

అతను గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఆమె రెట్టించలేదు. కన్నకూతురు పోయాక ఆ పిల్ల కూడా గడప దాటి పోతే ఈ ఇంట్లో తనకు ఏ పనీ మిగలదని ఆమెకు తెలుసు. ఆ మాట అతని నెత్తిన పెట్టడం న్యాయం కాదనీ తెలుసు.

అభాలో డాక్టరమ్మ ఒకటి చెప్పి పంపింది. నోట్లో పెట్టుకున్నా ఫర్వాలేని రంగులు ఇంట్లోనే చేసి పిల్ల ముందు పెట్టాలి. మెత్తగా, జారుగా ఉండాలి. చెయ్యి పట్టి ముంచకూడదు. తనంతట తను ముట్టుకోవాలి.

రంగుల సంగతి మస్తూరాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆ చుట్టుపక్కల చుట్టాల గది గోడ మీద కత్ అనే రంగుల ముగ్గు గీయాలంటే ఆమెనే పిలుస్తారు. ఇంటి ఆడది సున్నం కొట్టించి ఉంచితే మస్తూరా మేకవెంట్రుకల కుంచెతో నల్లగీతలు లాగుతుంది. తాడు పట్టదు, కొలత పెట్టదు. తక్కిన ఆడవాళ్లు కూర్చుని ఆ గీతల మధ్య ఎరుపూ పసుపూ ఆకుపచ్చా నింపుతారు. ఎవరి రంగైనా గీత దాటిందంటే ఆమె తలముసుగు కొంగు అప్పటికే దాని మీద ఉంటుంది.

ఆమె గోధుమపిండి జావ కాచి పసుపు కలిపింది. పెరుగులో బీట్‌రూట్ రసం పోసింది. తన ఇంటి చుట్టాల గదిలోనే, గోడ అడుగున పిల్లకు అందే ఎత్తులో, సున్నం పూసి చిన్నచిన్న పెట్టెలు గీసింది. పళ్లెం పెట్టి దూరంగా జరిగి కూర్చుంది. ముహ్రా పళ్లెం వంక చూసేది. జావ మీద మీగడలా తరక కట్టేది. ఎండిపోతే మస్తూరా పారబోసి మళ్లీ కాచేది.

"పిండి మేకలకు పెట్టినా పాలిచ్చేవి," అంది ఆడబిడ్డ సాలిహా, గుమ్మంలో చెప్పులు విడుస్తూ.

"నీకు ఏళ్లుగా పెడుతున్నా. ఏమిచ్చావు?"

సాలిహా నవ్వి లోపలికొచ్చి పప్పు ఏరడానికి కూర్చుంది.

ఒక మధ్యాహ్నం లోయలోంచి మంచు ఎక్కి కిటికీలు తెల్లబడ్డాయి. ముహ్రా చంకలోంచి కుడిచెయ్యి తీసింది. చూపుడువేలు జావలో పెట్టి, కదలకుండా చాలాసేపు ఉంచింది. తర్వాత లేచి ఆ వేలు గోడకు ఆనించి పక్కకు లాగింది. పసుపు చార నల్లగీతను దాటి పక్క పెట్టెలోకి పోయింది.

మస్తూరా కొంగు ఆ చారను తుడిచేసింది.

తుడవాలని ఆమె అనుకోలేదు. చెయ్యి తనంతట తను పోయింది. అంతటితో ఆగక, కుంచె కొసతో చెదిరిన గీతను సరిదిద్దేసింది కూడా. అప్పుడు గాని తను చేసిందేమిటో ఆమెకు తెలియలేదు.

ముహ్రా గోడ వైపు చూసింది. తన చార ఉన్నచోట తెల్లగా ఉంది. పిల్ల ఏడవలేదు. వేలిని గౌనుకు రాసుకొని, చెయ్యి మళ్లీ చంకలో పెట్టుకుంది.

సాయంత్రం సాలిహా వచ్చి మొహం చూసి అడిగింది, "ఏమైంది వదినా?"

"పిల్ల చెయ్యి తీసింది. నేను తుడిచేశా."

సాలిహా చేట కింద పెట్టి అంది, "కొత్తకోడలివై వచ్చి వారం కాకుండానే మా అమ్మ గీత దిద్దావు నువ్వు. ఇది నీకు పుట్టుకతో వచ్చింది."

"అది దిద్దాల్సిన గీతే."

"ఇది?"

మస్తూరా ఎండిన జావ పళ్లెం తీసుకుపోయి కడిగింది.

మర్నాడు ఆమె జావ కాచి చల్లార్చి, కుంచెను చూరులో దోపేసింది. చేతులు రెండూ మణికట్ల దాకా జావలో ముంచి చుట్టాల గది నడిమి గోడ దగ్గరికి పోయింది. ఆ గోడ చూడ్డానికి పై ఊళ్లవాళ్లు కూడా వస్తారు. తడి చేతులు ఆ గీతల మీద ఆనించడానికి ఆమెకు కొంతసేపు పట్టింది. ఆనించాక కిందికి లాగింది. నలుపూ ఎరుపూ మీదుగా పసుపు జావ కారింది.

"పండగకి చుట్టాలొస్తారు వదినా," అంది సాలిహా, గొంతు తగ్గించి.

"రానీ."

"ఏమని చెప్తావు?"

"ఈ ఇంట్లో పసిపిల్ల ఉందని చెప్తా."

ముహ్రా ఆ పొద్దంతా గుమ్మం పక్కనుంచి చూసింది. మర్నాడు కాస్త లోపలికి వచ్చింది. ఆ తర్వాతి రోజు పళ్లెం దగ్గర కూర్చుంది. వేలు కాదు, ఈసారి అరచెయ్యి. జావలో పెట్టి వేళ్లు విప్పింది. వేళ్ల సందుల్లోంచి జావ పైకి వస్తుంటే దాన్నే చూస్తూ ఉండిపోయింది. మస్తూరా తన చేతులు రెండూ తొడల కింద పెట్టుకొని వాటి మీద కూర్చుంది. పిల్ల గోడ మీద చరిచింది. నల్లగీత మీద, పెట్టెల మీద, కింద చాప మీద. తర్వాత ఎడమచెయ్యి కూడా తీసింది. తల్లి పట్టుకొని వదిలిన చెయ్యి అది. దాన్ని ముంచలేదు. బయట మాత్రం ఉంచింది.

గురువారం ముస్ఫిర్ వచ్చేసరికి కూతురు పళ్లెం ముందు ఉంది. అతను తెల్లటి పొడుగు చొక్కా తోబ్‌తో గుమ్మంలోనే ఆగిపోయాడు. ముందు గోడను చూశాడు, తర్వాత అత్తను, చివరికి పిల్ల చేతుల్ని.

"కూర్చో," అంది మస్తూరా. "పక్కకు కాదు. ఎదురుగా."

అతను కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నాడు. ముహ్రా అతన్ని చూసింది. జావ కారుతున్న కుడిచెయ్యి ఎత్తి, కొంచెం ముందుకు జరిగి, అతని మణికట్టు మీద పెట్టింది.

అతని వేళ్లు ముడుచుకోబోయాయి. మస్తూరాకు ఆ కదలిక బాగా తెలుసు.

"పట్టుకోకు నాయనా," అంది మెల్లగా. "దాని చెయ్యి దాన్నే ఉంచుకోనీ."

ముస్ఫిర్ వేళ్లు విప్పి ఉంచాడు. ఆ మణికట్టు మీదే పిల్ల అరచెయ్యిని అటూ ఇటూ జరిపింది, గోడ మీద జరిపినట్టే. జావ అతని చొక్కా చేతిలోకి కారిపోయింది. అతని గడ్డం తడిసింది. సాలిహా పప్పు ఏరడం ఆపి గోడవైపు తిరిగి కూర్చుంది.

పిల్లే ముందుగా చెయ్యి తీసేసి పళ్లెం వైపు తిరిగింది.

ముస్ఫిర్ పళ్లెంలోకి వంగి చూశాడు. "ఇందులో ఏమేం కలుపుతావు అత్తా?"

"గోధుమపిండి, నీళ్లు, పసుపు. ఉప్పు వెయ్యకు, గోళ్ల పక్కన మండుద్ది. గోరువెచ్చగా ఉన్నప్పుడే పెట్టు."

అతను తల ఊపాడు. "అక్కకు ఫోన్ చేసి చెప్తా, ఇప్పుడు పంపడం లేదని. శనివారం దాకా ఉంటా." ఆగి మళ్లీ అన్నాడు, "రేపు పొద్దున నేను కాస్తా."

"ఉండలు కట్టిస్తావు."

"కట్టనీ," అన్నాడు ముస్ఫిర్.