తెల్ల మందు ఎక్కించిన రోజు

2008లో, తమిళం మాట్లాడే సారం అనే పేటలోని ఒక చిన్న ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా చేరాను. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు. ఆ రోజులు తలచుకుంటే మొదట ఇరుసప్పనే కళ్ళ ముందుకొస్తాడు. ఉప్పళం మనిషి, నూలు మిల్లులో ఫిట్టరు. యంత్రంలో పడి ముంజేయి విరిగింది. ఆపరేషన్‌కు చెయ్యి ఒక్కటే మొద్దుబారితే చాలని, భుజం పైన మెడ పక్కగా సూదిమందు ఇచ్చాను.

నిమిషం గడవలేదు. అంతవరకు నర్సు ధనభాగ్యంతో తమిళంలో కబుర్లాడుతున్నవాడు ఉన్నట్టుండి ఇంటి భాషలోకి మారాడు.

"ఏందో మాదిరుండాది. చెవుల్లో గుయ్యంటా ఉండాది. నోట్లో ఇనుము నాకినట్టు..."

ధనభాగ్యం అర్థంకాక నా వైపు చూసింది. మా ఊరు మురుంగపాక్కంలో మా అవ్వ మాట్లాడే తెలుగే అది. నరాల దగ్గరే ఆగాల్సిన మందు రక్తంలో కలిసిందని ఆ లక్షణాలతోనే నాకు తెలిసిపోయింది. ఏమైనా చేసేలోగానే ఫిట్స్ వచ్చాయి, వెంటనే గుండె ఆగింది.

సర్జన్ సుధాకరన్ గారు ఛాతీ నొక్కుతున్నారు. మందులిచ్చాం, షాక్ ఇచ్చాం. గుండె అందుకోలేదు. అప్పుడు వైద్య పత్రికలో చదివింది గుర్తొచ్చింది. ఇలాగే గుండె ఆగిన ఒకరికి కొవ్వు మందు ఎక్కిస్తే బతికారట. తిండి తినలేని రోగులకు ఎక్కించే, పాలలాంటి తెల్ల మందు. రక్తంలో కలిసిన మత్తుమందును అది తనలోకి లాగేసుకుంటుందట. ధనభాగ్యం ఐసీయూకి పరిగెత్తి బాటిల్ తెచ్చింది. ఇక్కడెవరైనా చేశారా అని సుధాకరన్ గారు అడిగారు. లేదన్నాను.

"ఎక్కించు" అన్నారు, నొక్కడం ఆపకుండానే.

వంద మిల్లీలీటర్లు సిరంజితో తోసి, మిగతాది డ్రిప్పుగా పెట్టాను. కొన్ని నిమిషాలకు మానిటర్ మీద ఒక గీత లేచింది. కాసేపటికి ఇంకొకటి. ధనభాగ్యం గోడకానుకుని ఏడ్చేసింది.

మర్నాడు, చెప్పొద్దని ఆసుపత్రిలో కొందరు అన్నా, నా సూది వల్లే గుండె ఆగిందని ఇరుసప్పన్‌కు తెలుగులోనే చెప్పాను. భార్య మణియమ్మ తల దించుకుంది.

"మన మాటే మాట్లాడతా ఉండారే డాక్టరమ్మా. యాడ మీ ఊరు?" అన్నాడు ఇరుసప్పన్.

చెప్పాను. మా అవ్వ పేరు కూడా అడిగాడు.

ఆ రోజు ఆగిపోయిన ఆపరేషన్ పది రోజులకు పెట్టుకున్నాం. వేరే డాక్టరును పిలిపిస్తానంటే ఒప్పుకోలేదు. ఈసారి పూర్తి మత్తు ఇచ్చాను. తన చిన్నతనంలో మిల్లు కూత వినబడగానే ఉప్పళంలో వాళ్ళమ్మ పొయ్యి ముట్టించేదని చెబుతూ, ఆ మాట మధ్యలోనే నిద్రపోయాడు.