ఎండవైపు పడే నీడ

రోజూ పొద్దున్నే సిప్పోరా స్టవ్ మీద టీకి నీళ్ళు పెట్టి, వంటింటి కిటికీ తెర పక్కకి లాగేది. ఎండ లోపలికి పడగానే ఫ్రిజ్ పక్క గోడ మీద దాసు నీడ లేచి కూర్చునేది.

దాసు ఆమె భర్త. పోయిన చలికాలం డాండెనాంగ్‌లో ఓ గోడౌన్‌లో పెట్టెలు సర్దుతూ సర్దుతూ కుప్పకూలిపోయాడు. మనిషిని మట్టిలో పెట్టి వచ్చారు గానీ, నీడ క్రాన్‌బర్న్ ఇంట్లోనే ఉండిపోయింది. అందరి నీడలూ ఎండకు అవతలి పక్కన పడితే, దాసు నీడ ఎండకేసి పడేది. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగిన నీడ, మధ్యాహ్నం పూట ఉత్తరానికి పడుకోవడం దానికి అలవాటు. భూమధ్యరేఖకి దిగువనున్న ఈ దేశంలో మధ్యాహ్నం సూర్యుడే ఉత్తరాన ఉంటాడన్న సంగతి ఎన్నేళ్ళున్నా దానికి ఎక్కలేదు.

సిప్పోరా బయటికి వెళ్తే వెంట వచ్చేది. రైల్లో ఎవరి బూటైనా దాని మీద పడితే, "సారీ, మేట్" అని కాలు వెనక్కి తీసుకునేవారు. సూపర్‌మార్కెట్‌లో బిల్లు వేసే అమ్మాయి ఇద్దరినీ బాగున్నారా అని పలకరించేది.

సిప్పోరాది ఇంటింటికీ తిరిగే పని. ముసలివాళ్ళకి స్నానం చేయించడం, మాత్రలు వేయించడం, కాస్త సూప్ కాచి పెట్టడం. దాసు కొన్న పాత కారు ఇంజన్ పోయి చాలా రోజులైంది. మెకానిక్ చూసి, బాగుచేయించేకంటే వేరేది కొనుక్కోవడం నయమన్నాడు. అప్పట్నించీ బస్సులు మారి, స్టేషన్ల నుంచి నడిచి, ఏ ఇంటికీ వేళకి చేరలేకపోతోంది. ఏజెన్సీ మేనేజరు మర్యాదగానే చెప్పింది, నెలాఖరులోపు కారు లేకపోతే ఈ రూటు ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుందని. పని పోతే ఇంటి అద్దె ఎక్కణ్ణించి కట్టాలో ఆమెకి తెలియలేదు.

సాయం అడగడానికి ఎవరున్నారు? సిప్పోరా వాళ్ళు చేబ్రోలు వైపు నుంచి వచ్చిన తెలుగు యూదులు. అక్కడే గుప్పెడు కుటుంబాలు. ఇక్కడి తెలుగువాళ్ళ ఫంక్షన్లకి మొదట్లో వెళ్ళేవారు. "అంటే మీరు క్రిస్టియన్సా?" అని అడిగేవాళ్ళు. కాదంటే మాట ఎటు తిప్పాలో వాళ్ళకి తోచేది కాదు. కాల్‌ఫీల్డ్‌లో ప్రార్థనకి సినగాగుకి వెళ్తే, "ఇండియానా? అయితే కొచ్చిన్ యూదులా?" అనేవారు. రెండుచోట్లా ఎవరూ ఒక్క చెడ్డ మాట అనలేదు. దాసుకి ఇవేం పట్టేవి కావు. ఎక్కడైనా జొరబడి నవ్వించి వచ్చేవాడు. సిప్పోరా అతని వెనక నిలబడేది. అతను పోయాక ఆ నిలబడడం ఒక్కటే మిగిలింది.

కాల్‌ఫీల్డ్‌లో ఓ బేకరీ పైన చిన్న గదిలో యూదుల సంఘం ఒకటుంది. ఇబ్బందిలో ఉన్నవాళ్ళకి వడ్డీ లేకుండా అప్పిస్తుంది. తిరిగొచ్చిన డబ్బు ఇంకొకరికి వెళ్తుంది. ఆ మెట్ల దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చేసింది సిప్పోరా. మూడోసారి పైకి ఎక్కింది.

లోపల ఫ్రీడా అనే పెద్దావిడ కూర్చుని ఉంది. లేచి సిప్పోరాకి ఒక కుర్చీ లాగి, నీడకి ఇంకొకటి లాగింది.

"సినగాగులో నిన్ను చూశాను. వెనక వరసలో కూర్చుంటావు. మీ ఆయన పాటలు మరీ గట్టిగా పాడేవాడు, రాగం తప్పుతున్నా సరే."

సిప్పోరా కుర్చీ అంచున కూర్చుంది. కారు సంగతి చెప్పింది. చెప్తూ చెప్తూ తల దించేసుకుంది.

"తలెత్తు తల్లీ," అంది ఫ్రీడా. "ఇది దానం కాదు. నేను ఈ దేశం వచ్చినప్పుడు మా నాన్న కుట్టుమిషను కొన్నది ఇలాంటి అప్పుతోనే. నీకు వీలైనట్టే తీర్చు. ఒక్కటి మాత్రం కావాలి. నిన్ను ఎరిగిన మనిషి ఒకరు హామీ ఉండాలి. యూదులే కానక్కర్లేదు."

"ఎందుకు? నేను ఎగ్గొట్టను."

"తెలుసు. అప్పు ఒక్కరే మొయ్యకూడదని మా పద్ధతి. నీకెవరున్నారు?"

సిప్పోరా పక్క కుర్చీకేసి చూసింది.

ఫ్రీడా కూడా అటే చూసింది. "భర్త పోయిన ఆడమనిషి ఒంటి మీది బట్టని తాకట్టు పట్టకూడదంటారు మన పెద్దవాళ్ళు. నీడనెలా పట్టను? బతికున్న మనిషిని తీసుకురా. నేను ఇక్కడే ఉంటాను."

ఇంటికొచ్చి సిప్పోరా చెప్పులైనా విప్పకుండా వంటింట్లో కూలబడింది. నీడ గోడ మీద సర్దుకుంది.

"నువ్వుంటే అడిగేవాడివి," అంది దానితో. ఆర్నెల్లలో ఆమె దాని మీద గొంతు పెంచడం అదే మొదలు. "ఎవరి తలుపైనా కొట్టేవాడివి. నాకు చేతకాదని తెలుసుగా. మరెందుకు కూర్చున్నావ్, ఊరికే నన్ను చూడ్డానికా?"

మర్నాడు తెర లాగితే గోడ మీద ఉత్త ఎండే పడింది. గరాజులో చూసింది. చచ్చిన కారు వెనక సీట్లో చూసింది. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చింది. ఇల్లు ఎంత పెద్దదో ఆమెకి అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం కంచె అవతలి నుంచి పిలుపు వినిపించింది. "సిప్పోరా! ఓసారి ఇటొస్తావా?"

పక్కింటి శేషుకుమారి. ఒంగోలావిడ. భర్త సిడ్నీలో పని, పిల్లలు యూనివర్సిటీ చదువులకి వెళ్ళిపోయారు. చెత్త బిన్లు బయట పెట్టేటప్పుడు చెయ్యి ఊపడం తప్ప వాళ్ళిద్దరి మధ్యా పెద్దగా మాటల్లేవు. సిప్పోరా వెళ్ళేసరికి ఆవిడ పెరట్లో బట్టలారేసే స్టాండు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఎండ ఫెళ్ళున కాస్తోంది. దాసు నీడ ఆ ఎండకి ఎదురుగా, తడి దుప్పట్ల మీద నిలువునా పడుకుని ఉంది.

"పొద్దుట్నించీ ఇక్కడే. ఒక్క గుడ్డ ఆరితే ఒట్టు," అంది శేషుకుమారి. "మీ ఆయన ఊరికే వచ్చే మనిషి కాదు. ఏంటి సంగతి?"

"ఏం లేదండీ. తీసుకెళ్తాను."

"ఏం లేకపోతే ఇంత మొండిగా పడుకుంటాడా? చెప్పు."

శేషుకుమారి ఆమెని మెట్టు మీద కూర్చోబెట్టి, లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చింది. గ్లాసు సగమయ్యాక మాట వచ్చింది. కారు, మేనేజరు, ఫ్రీడా, హామీ, అన్నీ వచ్చాయి.

"నువ్వు వానలో బస్టాపుకి పరిగెత్తడం చూస్తూనే ఉన్నా," అంది శేషుకుమారి. "కారాపి ఎక్కమందామనుకునేదాన్ని. పక్కన ఆయన ఉండేవాడు కదా. నీకు తోడుందిలే, మధ్యలో మనమెందుకు అనుకునేదాన్ని. మా ఇంట్లో అయితే నీడ కూడా లేదు, తెలుసా?"

సిప్పోరా ఆవిడ మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళలో అంత దగ్గరగా చూడ్డం అదే.

"రేపు నాకు ఆఫ్. కాల్‌ఫీల్డ్ ఎన్నింటికి వెళ్దాం?" అంది శేషుకుమారి.

మర్నాడు బేకరీ పైగదిలో ఫ్రీడా కాగితం ముందు పెట్టి, ఈమెని ఎన్నాళ్ళుగా ఎరుగుదువని శేషుకుమారిని అడిగింది.

"పక్కిల్లు తీసుకున్నప్పట్నించీ చూస్తున్నాను," అంది శేషుకుమారి తన ఇంగ్లీషులో. "ఎరిగింది నిన్ననే. అబద్ధం చెప్పలేను. ఇది చాలకపోతే చెప్పండి, ఇంకా తెలుసుకుని వస్తాను."

"చాలు," అని ఫ్రీడా పెన్ను ఇచ్చింది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి పెరట్లో దుప్పట్లు ఎండి పెళపెళలాడుతున్నాయి. సిప్పోరా ఒక దుప్పటి ఎత్తి కింద చూసింది. ఇంకొకటి ఎత్తింది. గడ్డి మీద దుప్పట్ల నీడలు అన్ని నీడల్లాగే దక్షిణానికి పడి ఉన్నాయి. శేషుకుమారి దుప్పటి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఒక్కో దుప్పటీ మడతలు పెట్టారు. మడత పెట్టేటప్పుడు ఎదురెదురుగా నడిచి దగ్గరికి రావాలి. అలా వచ్చినప్పుడల్లా సిప్పోరా కళ్ళు తుడుచుకోవడం ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకుంది.

నెలాఖరు రాకముందే ఓ పాత తెల్ల కారు వచ్చింది. కారుతో మొదటి రోజు సిప్పోరా అన్ని ఇళ్ళకీ వేళకి చేరింది. సాయంత్రం ఇంటి ముందు కారు ఆపి, ఇంజను కట్టేసి, అలాగే కూర్చుంది. వంటింటి కిటికీ చీకటిగా ఉంది. లోపల గోడ ఉత్తదే. ఆ సంగతి తెలిసి దిగబుద్ధి కాలేదు.

ఫోను మోగింది.

"చేరావా?" అంది శేషుకుమారి.

ఆ మాట ఎవరైనా ఆమెని అడిగి ఎన్నాళ్ళైందో.

"చేరానక్కా."

"అన్నం తిన్నావా?"

"లేదక్కా, ఇప్పుడే వచ్చా."

"సరే," అంది శేషుకుమారి, కానీ ఫోను పెట్టలేదు. సిప్పోరా కూడా పెట్టలేదు. కాసేపటికి పక్కింటి వరండాలో లైటు వెలిగింది, తలుపు తెరుచుకున్న చప్పుడు ఫోనులోనూ, బయటా కూడా ఒక్కసారే వినిపించింది. సిప్పోరా కారు తలుపు తీసుకుని దిగింది.