నిలబడి గీసిన గీత

టైలరమ్మ చేతిలో సుద్దముక్క పడితే గీత వంకర పోదని వీధంతా చెప్పుకుంటుంది. ఆ పొగడ్తే ఆమె కొంప ముంచబోయింది.

ఎడమ రొమ్ములో గడ్డ తీసేశాక రేడియేషన్ మొదలుపెట్టారు. ఆస్పత్రివాళ్లు ఒంటి మీద ఊదారంగు ఇంకుతో గీతలు గీసి, చంటిపిల్లకు చెప్పినట్టు జాగ్రత్తలు చెప్పారు. గోరువెచ్చని నీళ్లే పోసుకోవాలి. ఆ చోట సబ్బు తగలకూడదు, రుద్దకూడదు, మెత్తటి గుడ్డతో అద్దాలి. పౌడరు, సెంటు జోలికి పోకూడదు. వదులైన నూలుబట్టలే వేసుకోవాలి. అన్నిటికీ ఆమె బుద్ధిగా తలూపింది. ఆఖర్న డాక్టరు అన్న మాట మాత్రం చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉండిపోయింది.

“కింద గుండె ఉంది కదమ్మా, అందుకే ఇంత కొలిచి గీశాం. వీటిని చెరగనివ్వకండి.”

జన్మంతా జనానికి ఒంటికి అతికినట్టు బట్టలు కుట్టిన మనిషి, మొగుడి పాత చొక్కాను తిరగేసి, కుట్లు పైకి కనపడేలా తొడుక్కుని తిరిగింది. కుట్టు ఒరుసుకుంటే కమిలిన చర్మం భగ్గున మండుతుంది మరి. “టైలరమ్మే తిరగేసి వేసుకుంటే ఇక మా బట్టల గతేంటి?” అని పక్కింటావిడ ఆటపట్టిస్తే, “ఇదే కొత్త ఫ్యాషన్, నీకూ కుట్టిపెడతా” అని నవ్వించింది. భయమా, నాకా అన్నట్టుండేది ఆమె వాలకం. లోపల మాత్రం ఎప్పుడూ పీచుపీచుమంటూనే ఉండేది.

వారాలు గడిచేకొద్దీ నీరసం ముంచుకొచ్చింది. చెంబు ఎత్తడానికే ఓపిక లేకపోతే అత్తగారు ముందుకొచ్చింది. “నువ్వు కూచో, నీళ్లు నేను పోస్తా” అని రోజూ జాగ్రత్తగానే పోసేది. ఆ పొద్దున ఏదో కబుర్లలో పడి, పాపం, చెయ్యి అలవాటుగా సబ్బు మీదికి పోయింది. నురగ ఊదారంగుకు తిరిగేదాకా ఇద్దరూ చూసుకోలేదు.

“అయ్యయ్యో, నా చేతులు పడిపోను! ఎంత పని చేశానే!” అత్తగారు స్నానాలగదిలోనే చతికిలబడి ఏడ్చింది.

“ఊరుకోండత్తయ్యా. గీతేగా, గీసుకోలేనా? నా బతుకంతా గీతలే.” టైలరమ్మ నవ్వేసింది.

వెయిటింగ్ హాల్లో ఎవరో అన్న మాట ఆమెకు గుర్తుంది. గీతలు పోతే మళ్లీ కొలతలంటారు, అన్ని రోజులూ మిషన్ ఆపేస్తారు, ఆగిందంటే రోగం మళ్లీ తలెత్తుతుంది. అన్నవాళ్లు డాక్టరూ కాదు, నర్సూ కాదు. అయినా భయానికి ఎవరి మాటైనా వేదమే. పైగా ఎవరు చెరిపారని అడిగితే ముసలావిడ నలుగురిలో మాట పడాలి. ఆమె అద్దం ముందు నిలబడి, బట్టల మీద గుర్తులు పెట్టే పెన్నుతో చెరిగిన గీతను మళ్లీ దించేసింది. వెంట్రుకవాసి తేడా లేదనుకుంది. “ఎవరితోనూ అనకండి” అని అత్తగారితో ఒట్టేయించుకుంది.

ఆస్పత్రిలో అత్తగారిని బయట కూచోబెట్టి, లోపల బల్ల మీద పడుకుని, చేతులు తల పైకి పెట్టింది. టెక్నీషియనమ్మాయి లైటు గీతతో సరిచూసి, “ఇవాళెందుకో కొంచెం తేడాగా ఉందే” అని గొణుక్కుని, బల్లను ఇంత జరిపి, “కదలకండేం” అని బయటికి నడిచింది. మందపాటి తలుపు మూసుకుంది.

మిషన్ తల ఆమె మీదికి తిరిగి వచ్చింది. దాని అద్దంలో తన ఒళ్లు కనపడింది. గీసిన గీత గీసిన చోట లేదు. చంక వైపుకు జారి ఉంది.

అప్పుడు తట్టింది ఆమెకు. నిలబడ్డ ఒంటి మీద ఒకలా పడే గీత పడుకుంటే ఇంకోలా పడుతుంది. కండ జరిగిపోతుంది. కొలతలు ఇచ్చేటప్పుడు నిటారుగా నిలబడమని వచ్చినవాళ్లందరినీ కసిరే మనిషి తనే. వాళ్లు పడుకోబెట్టి గీస్తే తను నిలబడి దిద్దింది. ఇప్పుడా కిరణం ఎక్కడ పడుతుంది? గుండె మీదేనా?

“అమ్మాయ్!” అనబోయింది. నోరు పెగల్లేదు. ఎక్కడో బజర్ మోగింది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, ఆ అరచేతినే గాల్లోకి ఎత్తి ఊపింది. ఊపుతూనే ఉంది.

తలుపు తెరుచుకుంది.

“ఆ గీత మీది కాదు, నాది! పొద్దున నేనే చెరుపుకుని నేనే గీసుకున్నా.”

టెక్నీషియన్ వింతగా చూసింది. “మీరు చెరుపుకున్నారా? బయట మీ అత్తగారు తనే చెరిపానని నర్సు చెయ్యి పట్టుకుని వదలట్లేదు. మిషన్ ఆపమని ఒకటే గోల. ఇప్పుడే ఫోనొచ్చింది. కిరణం ఇంకా వదల్లేదు లెండి.”

ఎక్స్‌రే ఫిల్మ్ తీసి మొదటిరోజు దానితో పోల్చారు. బొటనవేలంత తేడా తేలింది. “చెరిగితే చెప్పండమ్మా, మేమే గీస్తాం. కాస్త ఆలస్యమవుతుంది, అంతే. మీరు మాత్రం పెన్ను పట్టకండి” అంది ఆ అమ్మాయి. మళ్లీ కొలిచారు, గీశారు, ఆ పూట కిరణం ఇచ్చే పంపారు. బొటనవేలంత అన్న మాట చెవిలో మోగుతుండగానే చొక్కా గబగబా తగిలించుకుని బయటికొచ్చింది.

బయట అత్తగారు గోడను కరుచుకుని నిలబడి ఉంది. “ఒట్టు తప్పాను. తిట్టవే, పడతాను. ఇక నీ ఒంటి మీద చెయ్యి వెయ్యనే వెయ్యను.”

“వెయ్యాలి.” టైలరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. “రేపు కూడా నీళ్లు మీరే పొయ్యాలి. నాకు ఒంటరిగా భయమేస్తోంది అత్తయ్యా. మొదట్నుంచీ భయమే.”

ఇన్నాళ్లలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. అత్తగారు కోడలిని కిందికీ పైకీ చూసి ఒక్కసారిగా కోప్పడింది.

“అదేంటే, చొక్కా సరిగ్గా వేసుకొచ్చావ్? కుట్టు ఒరుసుకోదూ?”

తెర చాటుకు తీసుకెళ్లి చొక్కా విప్పించి, తిరగేసి తొడిగింది. కొత్త గీతకు చెయ్యి తగలకుండా, ఒక్కొక్క గుండీ పెట్టింది.